తుడవక్కర్లేని గడప

ఉత్తరం శనివారం పొద్దున వచ్చింది. పిజ్జా కూపన్ల మధ్య ఇరుక్కుని ఉంటే అక్క చెత్తబుట్టలో వేయబోయి, కవరు మీద టౌన్ ముద్ర చూసి ఆగింది. వాకిట్లో నిలబడే చదివింది. చదివాక కాళ్ళ దగ్గరున్న గడప వైపు చూసింది. ఆ తర్వాత నా వైపు.

"ఏమే, గడపకి పెయింట్ వేసేముందు ఎవరినన్నా అడిగినవా?"

"గడపకి పసుపు రంగేయడానికి ఎవర్ని అడగాలక్కా? ప్రెసిడెంట్‌నా?"

"టౌన్‌ని అడగాల్నంట."

ఉత్తరం లాక్కుని చదివాను. మా ఇల్లు టౌన్ వాళ్ళ పాత ఇళ్ళ జాబితాలో ఉంది. వీధిలోంచి కనిపించే భాగాన్ని దేన్ని మార్చినా ముందు కమిటీ అనుమతి కావాలి. అనుమతి లేకుండా గడపకి కొత్త రంగు వేశారు కాబట్టి, వచ్చే మీటింగ్‌లోపు దాన్ని గీకి తీసేయాలి, లేదా ఆ రంగు ఆ ఇంటికి పాతదేనని ఆధారం చూపించాలి. మీటింగ్‌కి మూడు వారాల టైముంది.

"పోనీలే, గీకేద్దాం" అంది అక్క. లోపలికి వెళ్ళి స్టవ్ వెలిగించింది. ఆ "పోనీలే" నాకు నచ్చలేదు. బాగా కావాల్సినదాన్ని వదులుకునేటప్పుడే అక్క ఆ మాటంటుందని నాకు తెలుసు.

అక్క పెళ్ళయ్యాక ముందు టెక్సస్‌లో ఇర్వింగ్‌లో, తర్వాత ఇక్కడ డెట్రాయిట్ శివార్లలో, మొత్తం నాలుగు అపార్ట్‌మెంట్లు మారింది. నాలుగింట్లోనూ శుక్రవారం ఆఫీస్‌కి లాగిన్ అయ్యేముందు గడపకి పసుపు రాసి బొట్లు పెట్టేది. అవి గడపలు కూడా కావు, తలుపు కింద రేకు పట్టీలు. ఖాళీ చేసే రోజు మాత్రం లీజింగ్ ఆఫీస్ వాళ్ళు చూడకముందే, సబ్బు నీళ్ళూ పాత టూత్‌బ్రష్షూ పట్టుకుని కూర్చుని ఆ పసుపంతా తోమేసేది. చివరిసారి నేనూ కూర్చున్నాను. నా గోళ్ళు రెండు రోజులు పసుపుగానే ఉన్నాయి.

ఈ కాటేజ్ తాళాలు చేతికొచ్చిన రోజు అక్క లోపలికి కూడా వెళ్ళలేదు. చెక్క గడప మీద అరచెయ్యి పెట్టి, "దీన్ని మాత్రం తుడవ" అంది. అంతే.

రెండు గదులు, వెనక వంటిల్లు, పైన వంగి నడవాల్సిన అటక. ఇదీ ఇల్లు. పెద్ద పెద్ద ఇళ్ళుండే ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి గృహప్రవేశానికి వచ్చిన ఒక ఆంటీ అంతా తిరిగి చూసి, "గరాజ్ ఎక్కడమ్మా?" అని అడిగింది. మా బావ గోదావరి మనిషి. నవ్వకుండా, "కారు బయటే పడుకుంటుందండీ, దానికలవాటే" అన్నాడు.

కొన్న మొదటి చలికాలంలోనే సమస్య తెలిసింది. శుక్రవారం రాసిన పసుపు శనివారానికి మంచు బూట్ల కింద, మంచు కరగడానికి రోడ్డు మీద చల్లే ఉప్పు కింద మాయమైపోయేది. అందుకే ఎండాకాలం రాగానే, అక్కాబావా ఊళ్ళో లేని వారాంతం చూసుకుని, వంటింట్లోంచి రెండు చెంచాల పసుపు జిప్‌లాక్ కవర్లో వేసుకుని పెయింట్ షాపుకి వెళ్ళాను. కౌంటర్ దగ్గరున్నతను కవరు తెరిచి వాసన చూశాడు.

"ఇది తినేదా?"

"తినేది, గాయానికి రాసేది, దేవుడికి పెట్టేది. మీరు రంగు కలపండి."

మిషన్ ఆ పసుపుని స్కాన్ చేసింది. అచ్చం అదే రంగు డబ్బాలో దిగింది! ఎర్ర బొట్లు దూదిపుల్లతో పెట్టాను. అక్క వచ్చి చూసి నోరు తెరిచింది. ఫొటో తీసి అమ్మకి పంపితే అమ్మ దాన్ని డీపీగా పెట్టుకుంది. ఆ డీపీ ఇంకా మారలేదు.

ఇప్పుడు అది గీకాలట. తప్పు చేసింది నేను. కూర్చుని మళ్ళీ తోమాల్సింది అక్క.

సోమవారం లంచ్ టైములో కార్లో కూర్చుని టౌన్ ఆఫీస్‌కి ఫోన్ చేశాను. పది నిమిషాలు అరిచాను. అవతల ఒకావిడ, నా అరుపంతా అయ్యేదాకా ఆగి, నెమ్మదిగా చెప్పింది: "కొత్త రంగు వేస్తే అది మార్పు. ఒకప్పుడున్న రంగు మళ్ళీ వేస్తే అది మరమ్మతు. మరమ్మతుకి కమిటీ అడ్డు చెప్పదు. ఆ ఇంట్లో ఇంతకుముందు ఎవరుండేవాళ్ళో నీకు తెలుసా?"

తెలియదు. ఆ ఇల్లు మాతోనే మొదలైందన్నట్టు ఇన్నాళ్ళూ తిరిగాను. ఫోన్ పెట్టేశాక లంచ్ సంగతే మర్చిపోయాను. కోపం కాదు. ఎవరో దాచిన డబ్బా మూత మీద చెయ్యి పెట్టినట్టుంది.

లైబ్రరీ కింది అంతస్తులో ఊరి చరిత్ర గది ఉంది. అక్కడ ఒక పెద్దాయన వాలంటీర్‌గా కూర్చుంటాడు. ప్యాంటుకి భుజాల మీదుగా పట్టీలు, మెడలో దారానికి కట్టిన పెన్సిల్. పెన్నులు నిషేధం. ఫోన్ వాడొచ్చు, ఫ్లాష్ వేయకూడదు. నాకు అంతకన్నా ఏం కావాలి!

పాత ఊరి డైరెక్టరీలు తీసిచ్చాడు. ఏ వీధిలో ఏ నంబర్ ఇంట్లో ఎవరు, ఏం పని చేస్తారు అన్నీ వరసగా ఉన్నాయి. మా నంబర్ దొరికింది. డాక్టర్! ఆయనకి ముగ్గురు కూతుళ్ళు. ఇంకో పుస్తకంలో, ఆ ఇంట్లో పియానో కచేరీ జరిగిందని ఊరి పత్రిక ముక్క. నలభై ఫొటోలు తీశాను. పార్కింగ్ లాట్‌లోంచే అక్కకి వాయిస్ మెసేజ్‌లు, ఒకదాని మీద ఒకటి. ఇంటికొచ్చేదాకా ఆగలేకపోయాను.

"బావా! మన ఇంట్లో పియానో ఉండేదంట!"

బావ సోఫాలోంచి ఇల్లంతా ఒకసారి చూశాడు. "ఎక్కడ మరదలా? ఫ్రిజ్ పెట్టాకే మనం పక్కకి తిరిగి నడుస్తున్నాం."

"అప్పుడు ఫ్రిజ్‌లు లేవు కదా!"

"డాక్టరూ, ముగ్గురు కూతుళ్ళూ, పియానో. పేషెంట్లు అటక మీద కూర్చునేవారేమో పాపం."

ఆయన మీద కుషన్ విసిరాను. కానీ ఆ మాట లోపల గుచ్చుకుంది. మళ్ళీ లైబ్రరీకి వెళ్ళి పెద్దాయనని అడిగాను. ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు.

"మీ వీధిలో ఒకసారి నంబర్లన్నీ మార్చారు. మధ్యలో కొత్త ఇళ్ళు వచ్చాయి కదా. నువ్వు చూసింది చివరి మూలనున్న పెద్దింటి వాళ్ళని."

"ముందే చెప్పొచ్చు కదా!" అని అరిచాను. గదిలో ఇంకెవరూ లేరు కాబట్టి సరిపోయింది.

"నువ్వు చాలా సంతోషంగా ఉన్నావు. పైగా అడగలేదు."

విసురుగా బయటికి వెళ్ళి, కార్లో ఒక చిప్స్ ప్యాకెట్ పూర్తిగా తినేసి, తిరిగి లోపలికి వచ్చాను. వారం రోజులు పోయాయి. మీటింగ్‌కి ఇంక రెండు వారాలే ఉన్నాయి. నేను వస్తానని ఆయనకి తెలిసినట్టుంది, బల్ల మీద ఒక పాత మ్యాప్ పరిచి ఉంచాడు. అగ్ని ప్రమాదాల బీమా కోసం గీసిన మ్యాప్ అట. ప్రతి ఇంటి ఆకారమూ గీసి ఉంది, పక్కన పాత నంబర్. వీధి మధ్యలో ఒక చిన్న పెట్టె, వెనక తోకలా వంటిల్లు, ముందు పిసరంత వరండా. మా ఇల్లు! విమానంలోంచి మన డాబా కనిపించినట్టు గట్టిగా అరిచేశాను. పెద్దాయన ఈసారి నోటి మీద వేలు పెట్టాడు, నవ్వుతూనే.

పాత నంబర్ దొరికాక మనుషులు ఒక్కొక్కరే బయటికి వచ్చారు. ఇల్లు కట్టుకున్న వడ్రంగి. తర్వాత ఒక వితంతువు, వృత్తి దగ్గర "బట్టలు కుట్టును" అని రాసి ఉంది. ఆ తర్వాత కార్ల ఫ్యాక్టరీలో ప్రెస్ మిషన్ మీద పనిచేసే ఒకాయన, భార్య, ఐదుగురు పిల్లలు. జనాభా లెక్కల కాగితం మీద ఎవరో సిరాతో, తొందర తొందరగా, ఆ ఏడుగురి పేర్లూ ఒకదాని కింద ఒకటి రాసుకుంటూ పోయారు. ఏడుగురు! మేం ముగ్గురం బాత్రూమ్ కోసం పొద్దున్నే కొట్టుకుంటాం.

"డాక్టర్ పోయాడా?" అన్నాడు బావ ఆ సాయంత్రం.

"పోయాడు. మీలాంటోడే వచ్చిండు. కార్ల ఫ్యాక్టరీ."

బావకి అది బాగా నచ్చింది. ఆయన కార్ల భాగాలకి వేసే పెయింట్ టెస్ట్ చేసే ఇంజనీర్. అప్పటిదాకా నన్ను ఏడిపించడమే తప్ప సాయం చేయనివాడు, కుర్చీ దగ్గరికి లాక్కుని ఫొటోలు పెద్దవి చేసి చూడడం మొదలుపెట్టాడు.

రంగు సంగతి ఏ కాగితంలోనూ లేదు. పెద్దాయన చెప్పిన మాట గుర్తుంది: "కాగితం చెప్పకపోతే చెక్కని అడుగు." చెక్కని ఎలా అడగాలో బావకి తెలుసు. పాత పెయింట్‌లో సీసం ఉంటుందని నాకూ అక్కకీ మాస్కులు తగిలించి, గడప మూలన, తలుపు చట్రం ఆనుకుని ఉన్న చోట తడి చేసి, సన్నటి గరుకు కాగితంతో చిన్న గుంటలా అరగదీశాడు. నేను ఫోన్‌కి భూతద్దం క్లిప్ పెట్టి వంగాను.

గుంట చుట్టూ రంగులు వలయాల్లా బయటపడ్డాయి. పైన నా పసుపు. కింద బూడిద రంగు. మళ్ళీ బూడిద. ఆకుపచ్చ. దాని కింద...

"అక్కా! అక్కా, చూడు! పసుపు!"

ఒకటి కాదు, ఏడెనిమిది పొరలు, ఒకదాని మీద ఒకటి.

"పూతరేకుల్లాగా ఉందే" అన్నాడు బావ.

నేను వాకిట్లోనే గంతులేశాను. పక్కింటాయన కుక్కతో ఆగి చూసి, ఏమనుకున్నాడో, చప్పట్లు కొట్టి వెళ్ళాడు. అక్క మోకాళ్ళ మీద కూర్చుని ఫోన్ తెర మీద ఆ పసుపుని వేలితో పెద్దది చేసి, చిన్నది చేసి, మళ్ళీ పెద్దది చేసింది. మాస్కు మీద కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. నవ్వుతున్నాయి.

బావ మాత్రం నవ్వలేదు. "ఆగండి, ఆగండి. పాతకాలం తెల్ల రంగుల్లో నూనె ఉంటుంది. వెలుగు తగలకుండా పైన వేరే రంగుల కింద దాగుంటే ఆ నూనె పసుపెక్కిపోద్ది. ఇది నిజంగా పసుపో, పసుపెక్కిన తెలుపో చెప్పలేం."

"మీరు ఏ పార్టీ బావా?"

"చెక్క పార్టీ. ఒక చిన్న పెచ్చు తీసి ఎండలో పెడదాం. నిజం పసుపైతే అలాగే ఉంటుంది. నూనె పసుపైతే వారంలో తెల్లబడుతుంది."

పెచ్చుని తెల్ల సాసర్లో పెట్టి, మూత బిగించిన గాజు సీసా కింద, అటక మీద నా గది కిటికీలో పెట్టాను. ఫోన్ చేతిలోనే ఉంటుంది కదా, రోజూ పొద్దున ఎనిమిదింటికి ఒక ఫొటో తీశాను.

ఈలోగా లైబ్రరీ పెద్దాయన ఇంకో పని చేశాడు. ఆ ఏడుగురిలో అందరికన్నా చిన్నమ్మాయి బతికే ఉందట, పక్క ఊళ్ళోనే. నంబర్ ఇవ్వడం పద్ధతి కాదని తనే ఆవిడకి ఫోన్ చేసి నా సంగతి చెప్పాడు. ఆవిడే నాకు ఫోన్ చేసింది. "నేను పుట్టిన ఇంట్లో ఇప్పుడు మీరుంటున్నారా? ఆదివారం రావచ్చా?"

రావచ్చా అని అడుగుతోంది! నేను ఆఫీస్ మీటింగ్‌లో మైక్ మ్యూట్ చేసుకుని ఎగిరాను.

ఎనభై దాటిన మనిషి, ఎర్ర కోటు, చేతికర్ర. మనవడు కార్లో దింపి వెళ్ళాడు. వాకిలి దాకా వచ్చి, నా పసుపు గడప చూసి ఆగింది. తర్వాత చేతికర్ర లోపల ఆనించి, ఆ వయసులో, పెద్ద అంగ వేసి గడప దాటింది. కాలు దాని మీద పడకుండా.

నేనూ అక్కా ఒకరినొకరం చూసుకున్నాం. గడప తొక్కొద్దని మాకు ఎన్నిసార్లు వీపు మీద పడ్డాయో మాకు తెలుసు.

"మీరు గడప తొక్కలేదు" అంది అక్క.

"తొక్కితే మా అమ్మ చంపేది! ప్రతి వసంతంలో దీనికి రంగు వేసేది. నాన్నకి మిషన్ దగ్గర దెబ్బ తగిలి చూపు తగ్గింది. మసక వెలుతురులో మెట్టు కనపడక రెండుసార్లు పడ్డాడు. అందుకని అమ్మ గడప మెరిసేలా రంగు వేసేది. ఆరేదాకా ఐదుగురం దూకడమే. తర్వాత అదే అలవాటైపోయింది."

అక్క ఆవిడకి ఉప్మా పెట్టింది. ఆవిడ రెండోసారి వేయించుకుంది. సంచిలోంచి ఒక ఫొటో తీసింది. ఇదే వాకిలి, ఏప్రాన్ కట్టుకున్న ఒక పొట్టి మనిషి, ఆవిడ పాదాల దగ్గర గడప, నిజంగానే, మెరుస్తోంది. కానీ ఫొటో నలుపూ తెలుపూ.

"ఏ రంగు?" అన్నాను.

ఆవిడ ఫొటోని కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. "లేత రంగు. అంతవరకే గుర్తుంది. పసుపైనా అయ్యుండొచ్చు." నా మొహం చూసి కన్నుకొట్టింది. "నీకు పసుపు కావాలంటే నేను మీటింగ్‌కి వచ్చి పసుపనే చెప్తాను. ఈ వయసులో నన్నెవరు కాదంటారు?"

అయిపోయింది, గెలిచాం అనుకున్నాను. ఫొటో ఉంది, సాక్షి ఉంది, పూతరేకుల్లాంటి పొరలున్నాయి.

మీటింగ్ గురువారం సాయంత్రం. బుధవారం పొద్దున ఎనిమిదింటికి సీసా ఎత్తి ఫొటో తీశాను. తీసి, ముందు రోజుల ఫొటోలతో వరసగా పెట్టి వేలితో జరిపి చూశాను. పసుపు, లేత పసుపు, వెన్న, పాలు. పెచ్చు తెల్లబడిపోయింది.

అటక మీద ఎవరూ లేరు. బావ ఆ వారం ఆఫీసు పని మీద ఒహాయోలో ఉన్నాడు. ఆ ఫొటోలు నా ఫోన్‌లో తప్ప ఇంకెక్కడా లేవు. అన్నీ సెలెక్ట్ చేశాను. చెత్తబుట్ట బొమ్మ మీద వేలు పెట్టే లోపు కింద నుంచి అక్క, "ఏమైందే ఆ పెచ్చు?" అంది. ఆ అడగడంలో ఎంత ఆశ ఉందంటే, నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. దబదబా దిగి ఫోన్ బల్ల మీద పెట్టేశాను.

అక్క ఫొటోలన్నీ చూసింది.

"ఎవరికీ తెల్వదక్కా. నేను డిలీట్ చేస్తా. ఆమె కూడా చెప్తనంటుంది."

"వద్దు."

"ఎందుకు? నువ్వు మళ్ళా టూత్‌బ్రష్ పట్టుకుని కూర్చుంటావా?"

"కూర్చుంట. ఆ తల్లి కళ్ళు కనపడని మొగుడి కోసం ఏసిన రంగే అది. అబద్ధం చెప్పి నా పసుపు నిలబెట్టుకుంటే, ప్రతి శుక్రవారం ఆమె గడప తొక్కినట్టుంటది నాకు." ఫోన్ నా చేతిలో పెట్టింది. "అన్నీ చూపియ్. ఇంత ఎతికినవ్, సగం చూపిస్తే ఏం బాగుంటది?"

గురువారం టౌన్ హాల్లో ఐదుగురు కూర్చున్నారు. ఎర్ర కోటులో ఆ ఏడుగురిలోని చిన్నమ్మాయి, ఆ పెద్దావిడ, ముందు వరసలో. లైబ్రరీ పెద్దాయన వెనక వరసలో, పెన్సిల్‌తో సహా. నాకు మూడు నిమిషాలిచ్చారు. తప్పు ఇంటి డాక్టర్ దగ్గర మొదలుపెట్టి, మ్యాప్, ఏడుగురు, పూతరేకులు, ఫొటో, అన్నీ చెప్పేసరికి పదిహేను అయ్యాయి. ఎవరూ ఆపలేదు. చివరికి పెచ్చు ఫొటోలు గోడ మీద తెర మీద వేసి, "కాబట్టి అది తెలుపు. పసుపు కాదు" అన్నాను.

మధ్యలో కూర్చున్నావిడ, ఫోన్‌లో నా అరుపులు విన్నావిడే అని గొంతు బట్టి పోల్చుకున్నాను, అడిగింది: "అయితే తెల్ల గడప మరమ్మతు కింద వస్తుంది. వేసుకోండి. కానీ మీ అక్క వారం వారం రాసేది ఏమన్నావు?"

"పసుపు. కూరలో వేసుకునే పసుపు."

"పెయింట్ కాదు?"

"కాదు. తినేది."

ఆవిడ పక్కవాళ్ళని చూసింది. "మేం తిండి పదార్థాలకి అనుమతులివ్వం." ఎర్ర కోటులోంచి పెద్దగా నవ్వు వినిపించింది. నవ్వు అందరికీ అంటుకుంది.

ఆదివారం బావ నా పసుపుని పద్ధతిగా తీసేశాడు. తెలుపు నేనే వేశాను, మెరుపు లేని, దేన్నైనా పీల్చుకునే రకం. ఆరేదాకా ముగ్గురం దూకుతూ తిరిగాం. శుక్రవారం అక్క పసుపు కలిపి, చేత్తో, ఈ మూల నుంచి ఆ మూల దాకా రాసి బొట్లు పెట్టింది. మర్నాడే వాన. గాలికి జల్లు వరండా అంతా కొట్టి, పసుపూ బొట్లూ కొట్టుకుపోయాయి.

ఆదివారం పొద్దున నేను అటక మీద ఉన్నాను. అక్క ఎప్పుడు వెళ్ళిందో, సబ్బు నీళ్ళూ ఆ పాత టూత్‌బ్రష్షూ తీసుకుని వాకిట్లో కూర్చుంది. గర్రుగర్రుమని చప్పుడు వినిపించి పరిగెత్తుకుంటూ దిగాను, పోట్లాడదామనే. కొత్త తెలుపు మీద పసుపు మరక లేతగా, గడప పొడుగునా దిగిపోయి ఉంది. అక్క దాని మీద బలమంతా పెట్టి తోముతోంది. ఆగి చూసింది. మళ్ళీ తోమింది.

తర్వాత తల పైకెత్తి, నవ్వుతూ, వీధి వీధంతా వినపడేలా అరిచింది.

"పోతలేదే! ఇట్రా, చూడు, ఎంత తోమినా పోతలేదు!"